ఫ్యాన్లు తిరుగుతున్నాయి, లైటు వెలుగుతోంది, స్క్రీన్ మాత్రం నలుపు (పాత హెచ్61 డెస్క్‌టాప్)

గోస్తనీ_డీటీపీ · శనివారం ఉదయం 9:12

అందరికీ నమస్కారం. తణుకు దగ్గర చిన్న డీటీపీ షాపు అండి మాది. శ్రావణం ముహూర్తాలు దగ్గర పడ్డాయి, పెళ్లి కార్డుల పనంతా ఈ ఒక్క సిస్టమ్‌లోనే ఉంది. నిన్న రాత్రి గాలివానకి కరెంటు పోతూ వస్తూ ఉంది, ఒకసారి ట్యూబులైట్లు మామూలు కంటే బాగా వెలిగి వెంటనే మిణుకుమిణుకుమన్నాయి కూడా. పొద్దున్నే షాపు తీసి ఆన్ చేస్తే క్యాబినెట్ లైటు వస్తోంది, ఫ్యాన్లన్నీ తిరుగుతున్నాయి, మానిటర్ మీద మాత్రం 'నో సిగ్నల్' అని ఒక్క క్షణం కనబడి నల్లగా అయిపోతోంది. మదర్‌బోర్డు కంపెనీ లోగో కూడా రావట్లేదు.

వివరాలు: ఐ5-3470 ప్రాసెసర్, హెచ్61 బోర్డు, 4 జీబీ డీడీఆర్3 ర్యామ్‌లు రెండు, జీటీఎక్స్ 750 టీఐ గ్రాఫిక్స్ కార్డు (పెళ్లి ఆల్బమ్‌ల డిజైన్ కోసం సెకండ్‌హ్యాండ్‌లో వేయించాను), హార్డ్ డిస్కులు రెండు, 450 వాట్ల లోకల్ ఎస్‌ఎంపీఎస్ (లోపలి పార్టులకి కరెంటు ఇచ్చే డబ్బా), విండోస్ 7. పేజ్‌మేకర్, అను ఫాంట్లు, ఇన్నేళ్ల కార్డుల ఫైళ్లు అన్నీ దీనిమీదే సెట్ అయి ఉన్నాయి, అందుకే కొత్తదానికి మారలేకపోతున్నాను.

ఇక్కడ కంప్యూటర్ షాపు అబ్బాయి వచ్చి చూసి బోర్డు పోయింది, ఈ మోడల్ కొత్తవి దొరకవు, మొత్తం సెట్టే మార్చుకోండి అన్నాడు. పవర్ బటన్ నొక్కి చూశాడు, అంతే, ఏదీ విప్పలేదు. బోర్డు పోతే ఇలాగే అవుతుందా? చాలా టెన్షన్‌గా ఉంది.

ఎఫ్8_నొక్కు · 9:31

అన్నా, కరెంటు పోయినప్పుడు విండోస్ ఫైళ్లు కరప్ట్ అయి ఉంటాయి. ఆన్ చేయగానే ఎఫ్8 వరసగా నొక్కి సేఫ్ మోడ్‌లోకి వెళ్లు, లేదంటే విండోస్ మళ్లీ వేసేయ్.

టంకం_గన్ · 9:44

తమ్ముడూ, విండోస్ దాకా పోలేదు ఇంకా. ఆయన చెప్పింది చూడు, లోగో కూడా రావట్లేదట. సిస్టమ్ ఆన్ కాగానే ముందు ఎస్‌ఎంపీఎస్ కరెంటు సరిగ్గా ఉందని బోర్డుకి సిగ్నల్ పంపాలి, ఆ తర్వాత ప్రాసెసర్ లేస్తుంది, బయోస్ (బోర్డులోనే ఉండే మొదటి ప్రోగ్రామ్) చదువుతుంది, ర్యామ్‌ని పరీక్షిస్తుంది, గ్రాఫిక్స్‌ని పలకరిస్తుంది, అప్పుడు గానీ స్క్రీన్ మీద ఏదీ పడదు. హార్డ్ డిస్కు వంతు వీటన్నిటి తర్వాతే వస్తుంది. డిస్కు పూర్తిగా పీకేసినా లోగో రావాలి. కాబట్టి విండోస్ జోలికి అస్సలు వెళ్లొద్దు, ఫార్మాట్ మాట ఎవరన్నా అంటే డిస్కు వాళ్ల చేతికి ఇవ్వొద్దు.

డీటీపీ గారు, నేను హనుమకొండలో సర్వీసింగ్ చేస్తాను. బోర్డు పోయిందని చూడగానే చెప్పడం కుదరదు. ఫ్యాన్లు తిరిగాయంటే 12 వోల్టుల లైను ఎంతో కొంత వస్తోందని మాత్రమే అర్థం, బోర్డు బాగుందనీ కాదు, పోయిందనీ కాదు. ఎక్కడ ఆగిందో కనిపెట్టేదాకా ఒక్క పార్టు కూడా కొనకండి.

పాలిటెక్నిక్_ల్యాబ్ · 10:05

ముందు క్యాబినెట్ విప్పకుండానే రెండు చూడండి. ఒకటి, అదే మానిటర్‌ని అదే కేబుల్‌తో ఏదైనా ల్యాప్‌టాప్‌కి పెట్టండి. బొమ్మ వస్తే మానిటర్, కేబుల్ రెండూ బాగున్నట్టే. రాకపోతే మానిటర్ బటన్లతో ఇన్‌పుట్ హెచ్‌డీఎంఐలో ఉందో వీజీఏలో ఉందో చూసుకోండి, మా ల్యాబ్‌లో పిల్లలు అది మార్చేసి సిస్టమ్ పాడైందని వస్తుంటారు.

రెండోది, ఆన్ చేసి ఒక నిమిషం ఆగి కీబోర్డు మీద నమ్ లాక్ నొక్కండి. లైటు వెలిగి ఆరుతుంటే లోపల సిస్టమ్ నడుస్తోంది, బొమ్మ మాత్రమే బయటికి రావట్లేదు. లైటు కదలకపోతే లోపలే ఎక్కడో ఇరుక్కుంది. ఈ ఒక్క పరీక్షతో సగం దారి తేలిపోతుంది, పైసా ఖర్చు లేదు.

గోస్తనీ_డీటీపీ · 10:40

మేడమ్, మా తమ్ముడి ల్యాప్‌టాప్‌కి పెట్టాను, మానిటర్ బ్రహ్మాండంగా వస్తోంది. నమ్ లాక్ మాత్రం ఎన్నిసార్లు నొక్కినా లైటు రావట్లేదు.

టంకం_గన్ · 10:58

అయితే లోపలే ఆగింది. ఇప్పుడు విప్పుదాం. ప్లగ్గు గోడ నుంచి పీకేయండి, స్విచ్ ఆపితే సరిపోదు. పీకాక పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోండి, లోపల మిగిలిన ఛార్జి దిగిపోతుంది. తర్వాత క్యాబినెట్ ఇనుప భాగాన్ని ఒకసారి చేత్తో ముట్టుకుని పని మొదలుపెట్టండి.

ప్రాసెసర్ పక్కన నాలుగు పిన్నుల చిన్న కనెక్టర్ ఉంటుంది, పసుపు వైర్లు రెండు, నలుపు వైర్లు రెండు. ప్రాసెసర్‌కి కరెంటు దాని ద్వారానే వస్తుంది. అది వదులైతే సరిగ్గా మీరు చెప్పినట్టే, ఫ్యాన్లు తిరుగుతాయి, స్క్రీన్ రాదు. దాన్నీ 24 పిన్నుల పెద్దదాన్నీ తీసి క్లిక్ మని చప్పుడొచ్చేదాకా నొక్కండి. రెండు హార్డ్ డిస్కుల కేబుళ్లు, డీవీడీ డ్రైవ్, యూఎస్‌బీలు అన్నీ తీసేయండి.

ర్యామ్‌లు రెండూ తీసి బంగారు రంగు పళ్లు వెలుతురులో పెట్టి చూడండి. గోదావరి జిల్లాల్లో వానాకాలం తేమకి వాటిమీద నల్లటి పొర పడుతుంది. పెన్సిల్ రాత చెరిపే తెల్ల రబ్బరుతో పైనుంచి కిందికి మెల్లగా తుడవండి, అడ్డంగా రుద్దొద్దు, రబ్బరు పొడి స్లాట్‌లో పడనివ్వొద్దు.

మళ్లీ పెట్టే ముందు ఒక పని. బోర్డు మీద స్పీకర్ అని రాసి ఉన్న నాలుగు పిన్నుల చోట చిన్న బజర్ ఉందా? లేకపోతే కంప్యూటర్ షాపులో కొద్ది రూపాయలకే దొరుకుతుంది, తెచ్చి పెట్టండి. ర్యామ్ ఒక్కటి కూడా లేకుండా ఆన్ చేసి ఏమన్నా మోగుతుందేమో వినండి.

పాలిటెక్నిక్_ల్యాబ్ · 11:10

దీన్ని ఖాయంగా చేయండి. వేసవి సెలవుల తర్వాత ల్యాబ్ తీసినప్పుడు బొమ్మ రాని సిస్టమ్‌లు ఏటా ఉంటాయి, చాలావరకు ర్యామ్ తుడిచి పెడితే లేస్తాయి. రబ్బరు కంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మెత్తటి గుడ్డ మంచివి, కానీ అది అందరి దగ్గరా ఉండదు కదా.

గోస్తనీ_డీటీపీ · మధ్యాహ్నం 1:25

బజర్ తెచ్చి పెట్టానండి. ర్యామ్‌లు లేకుండా ఆన్ చేస్తే ఆగకుండా బీప్ బీప్ అని మోగుతోంది! ర్యామ్ పెడితే బీప్ ఆగిపోతోంది, కానీ స్క్రీన్ మాత్రం రావట్లేదు. ర్యామ్ పళ్ల మీద నిజంగానే చారలు ఉన్నాయి, తుడిస్తే రబ్బరు నల్లగా అయింది. నాలుగు పిన్నుల కనెక్టర్ గట్టిగానే ఉంది.

ఎఫ్8_నొక్కు · 1:33

అంటే ర్యామ్ పోయిందన్నమాటేనా? కొత్తది వేస్తే సరి.

టంకం_గన్ · 1:50

కాదు. ఈ బీప్ మంచి వార్త. మోగాలంటే ప్రాసెసర్ లేవాలి, బయోస్ చదవాలి, ర్యామ్ లేదని దానికి తెలియాలి. అంటే బోర్డు, ప్రాసెసర్ ఇంకా బతికే ఉన్నాయి. ర్యామ్ పెట్టగానే మోత ఆగిందంటే ర్యామ్‌ని కూడా గుర్తిస్తోంది. డీటీపీ గారు, బోర్డు పోయిందన్న మాట ఇక మనసులోంచి తీసేయండి.

అయినా ఒక్కో ర్యామ్‌ని ఒక్కో స్లాట్‌లో విడిగా పెట్టి చూడండి. ఆ తర్వాత గుండ్రటి బ్యాటరీ, సీఆర్2032, తీసి పది నిమిషాలు ఆగి పెట్టండి, బయోస్ సెట్టింగులు మొదటికి వస్తాయి. ఇది కూడా ప్లగ్గు పీకి చేయాల్సిన పనే.

రిటైర్డ్_ఏఈ · 2:15

అందరూ ర్యామ్ దగ్గరే ఉన్నారు. ఆ గ్రాఫిక్స్ కార్డు తీసి చూశారా బాబూ? 3470లో సొంత గ్రాఫిక్స్ ఉంది, కార్డు లేకపోయినా బోర్డు వెనకాల పోర్టు నుంచి బొమ్మ రావాలి.

గోస్తనీ_డీటీపీ · 2:31

సార్, బోర్డుకి వీజీఏ పోర్టు ఒక్కటే ఉంది, నా దగ్గర ఉన్నది హెచ్‌డీఎంఐ కేబుల్. కార్డు ఉంచే వీజీఏకి పెట్టి చూస్తే సరిపోతుందా?

రిటైర్డ్_ఏఈ · 2:38

సరిపోదు. కార్డు ఉంటే బోర్డు మామూలుగా తన పోర్టుని ఆపేసి బొమ్మని కార్డుకే పంపుతుంది. కార్డు తీసేయాల్సిందే. పక్కనే ఉన్న ఏ ఆఫీసులో అడిగినా పాత వీజీఏ కేబుల్ ఇస్తారు.

కార్డు తీసేటప్పుడు జాగ్రత్త, స్లాట్ చివర ప్లాస్టిక్ కొక్కెం ఉంటుంది, అది నొక్కి పట్టుకుని లాగాలి. బలంగా పీకితే స్లాటే ఊడుతుంది.

డల్లాస్_బిల్డ్ · సాయంత్రం 4:02

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి, ఈ పేరు వెతుక్కుంటూ మరొకరు వస్తారని రాస్తున్నా. కొత్త ఏఎం5 (ఏఎండీ ప్రాసెసర్లది) బోర్డు, డీడీఆర్5 ర్యామ్ వాళ్లు మొదటిసారి ఆన్ చేసినప్పుడు స్క్రీన్ నల్లగా ఉంటే వెంటనే ఆపేయకండి. బోర్డు ర్యామ్‌ని తనకు తగ్గట్టు సర్దుకోవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది, 32 జీబీ, 64 జీబీ ఉంటే ఇంకా ఎక్కువ. మధ్యలో పవర్ తీస్తే మళ్లీ మొదటి నుంచి చేస్తుంది. బోర్డు మీద సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అని చిన్న లైట్లు ఉంటాయి, డీర్యామ్ లైటు వెలుగుతుంటే ఓపిక పట్టండి. ఈ లైట్లున్న బోర్డులకి బజర్ అవసరమే లేదు.

లోగో వచ్చి విండోస్ దగ్గర నలుపైతే అది వేరే కథ. విండోస్ 10, 11లో విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కితే డిస్‌ప్లే డ్రైవర్ మళ్లీ మొదలవుతుంది. ఎఫ్8 తమ్ముడు చెప్పిన సేఫ్ మోడ్ అప్పుడు పనికొస్తుంది.

గోస్తనీ_డీటీపీ · 5:20

వచ్చింది!!! కార్డు తీసేసి వీజీఏకి పెడితే లోగో వచ్చిందండీ. ఎదురుగా సొసైటీ ఆఫీసు వాళ్లు కేబుల్ ఇచ్చారు. ర్యామ్‌లు రెండూ పెట్టాను, 8 జీబీ చూపిస్తోంది. డిస్కులు ఇంకా పెట్టలేదు. ఏఈ గారికి, టంకం గారికి, మేడమ్‌కి చేతులెత్తి దండం.

కార్డు మళ్లీ పెడితే మళ్లీ నలుపే. కార్డు పోయినట్టేనా?

ఎఫ్8_నొక్కు · 5:26

సూపర్ అన్నా! కార్డే పోయింది, ఇక డౌటే లేదు.

రిటైర్డ్_ఏఈ · 5:41

నాకు డౌటు ఉంది. కార్డు పెడితే రెండు మారతాయి. ఒకటి కార్డు, రెండోది ఎస్‌ఎంపీఎస్ మీద బరువు. 750 టీఐ 60 వాట్ల కార్డు, చాలా మోడళ్లకి విడిగా పవర్ కేబుల్ కూడా ఉండదు, మొత్తం స్లాట్ నుంచే లాగుతుంది. రాత్రి లైట్లు బాగా వెలిగి మిణుకుమన్నాయని రాశారు. అది వోల్టేజి పెరిగి తగ్గడమే, దాని దెబ్బ మొదట తగిలేది ఎస్‌ఎంపీఎస్‌కి.

ఆ కార్డుని వేరే సిస్టమ్‌లో పెట్టి చూడటానికి ఎవరన్నా ఉన్నారా? తర్వాత ఎస్‌ఎంపీఎస్ స్టిక్కర్ మీద +12వీ అన్న గడిలో ఎన్ని ఆంపియర్లు రాసి ఉందో చెప్పండి. పైన పెద్ద అక్షరాలతో ఉన్న 450ని లెక్కలోకి తీసుకోకండి.

ఎలక్ట్రీషియన్ దగ్గర మల్టీమీటర్ దొరికితే డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టండి. హార్డ్ డిస్కులకి వాడే పాత నాలుగు రంధ్రాల కనెక్టర్ ఖాళీది ఒకటి ఉంటుంది కదా, నల్ల ప్రోబ్ నల్ల వైరు రంధ్రంలో, ఎర్ర ప్రోబ్ పసుపు వైరు రంధ్రంలో. రెండు ప్రోబ్‌ల కొనలు ఒకదానికొకటి తగలకూడదు. సిస్టమ్ ఆన్‌లో ఉండగా కార్డు లేకుండా ఒకసారి, కార్డుతో ఒకసారి చూడండి. కార్డు పెట్టడం, తీయడం మాత్రం ప్లగ్గు పీకాకే.

గోస్తనీ_డీటీపీ · రాత్రి 8:10

కార్డుని పక్క ఫొటో స్టూడియో సిస్టమ్‌లో పెట్టి చూశాం, అక్కడ బాగా పనిచేస్తోంది.

స్టిక్కర్ మీద +12వీ 14ఏ అని ఉంది. మీటర్ రీడింగులు: కార్డు లేకుండా 11.52, కార్డుతో 10.84, అది కూడా నిలకడగా లేదు, పైకీ కిందికీ ఆడుతోంది.

రిటైర్డ్_ఏఈ · 8:24

దొరికింది. 12 వోల్టుల లైనుకి 5 శాతం అటూ ఇటూ ఉండొచ్చు, అంటే 11.4 నుంచి 12.6 వరకు. మీది కార్డు లేకుండానే అంచున ఉంది, కార్డు పెట్టగానే కిందికి జారిపోయింది.

14 ఆంపియర్లని 12తో గుణిస్తే 168 వాట్లు. మీ ప్రాసెసర్‌కి కంపెనీ చెప్పే లెక్క 77 వాట్లు, కార్డు 60, అక్కడికే 137. హార్డ్ డిస్కు తిరగడం మొదలయ్యే క్షణంలో ఒక్కొక్కటి సుమారు 2 ఆంపియర్లు లాగుతుంది, రెండు డిస్కులకి దాదాపు 48 వాట్లు. అన్నీ ఒకేసారి గరిష్ఠంగా లాగవు కాబట్టి ఇన్నాళ్లు నెట్టుకొచ్చింది. లోపల కెపాసిటర్లు పాతబడ్డాయి, రాత్రి దెబ్బకి మిగిలిన బలం కూడా పోయినట్టుంది. బోర్డు, కార్డు, ర్యామ్ అన్నీ బాగున్నాయి బాబూ, మార్చాల్సింది ఎస్‌ఎంపీఎస్ ఒక్కటే.

టంకం_గన్ · 8:40

నూటికి నూరుపాళ్లు. సార్ చెప్పాక ఇంక నేను కలిపేది ఒకటే, ఎస్‌ఎంపీఎస్ డబ్బా మీరు విప్పకండి. 230 వోల్టులు లోపల డీసీగా మారితే 325 దాకా ఉంటుంది, ప్లగ్గు పీకాక కూడా ఆ పెద్ద కెపాసిటర్‌లో కొంతసేపు నిలిచే ఉంటుంది. ఇలాంటి లోకల్ డబ్బాకి కెపాసిటర్లు మార్చి నడిపించడం నేను కూడా చేయను.

కొత్తది 80 ప్లస్ బ్రాంజ్ (కరెంటు వృథా తక్కువని ఇచ్చే గుర్తు) ఉన్న 450 వాట్లది తీసుకోండి, 12 వోల్టుల దగ్గర 30 ఆంపియర్లకి పైన రాసి ఉండాలి. కొనే ముందు స్టిక్కర్ మీరే చదవండి. అది వచ్చేదాకా కార్డు తీసేసి వీజీఏ మీద పని చేసుకోవచ్చు కదా అంటారేమో, 11.52 దగ్గర ఉన్న డబ్బాకి మీ డిస్కులు తగిలించమని నేను చెప్పను.

పాలిటెక్నిక్_ల్యాబ్ · 8:52

అవును, డిస్కులు ముందు కాపాడుకోండి. అర్జెంటు ఫైళ్లు కావాలంటే డిస్కు తీసి ల్యాప్‌టాప్‌కి యూఎస్‌బీ ద్వారా పెట్టుకోవచ్చు. కానీ మీవి డెస్క్‌టాప్ సైజు డిస్కులు, 3.5 అంగుళాలవి, వాటికి 12 వోల్టులు కావాలి, యూఎస్‌బీ నుంచి 5 వోల్టులే వస్తాయి. ల్యాప్‌టాప్ డిస్కుల చిన్న కేసింగ్ వీటికి పనికిరాదు. విడిగా పవర్ అడాప్టర్‌తో వచ్చే కన్వర్టర్ అడగండి. కార్డుల ఫైళ్లన్నీ వేరే డిస్కులోకి కాపీ చేసుకున్నాకే మిగతా పని.

గోస్తనీ_డీటీపీ · సోమవారం సాయంత్రం 6:35

ఫైళ్లన్నీ తమ్ముడి ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించాను. రాజమండ్రి నుంచి కొత్త ఎస్‌ఎంపీఎస్ తెప్పించి ఇవాళ బిగించాం. కార్డు పెట్టాను, లోగో వచ్చింది. కార్డు, డిస్కులు అన్నీ ఉండగా మీటర్‌లో 12.08 చూపిస్తోంది, మేకు కొట్టినట్టు నిలబడింది.

కానీ ఇప్పుడు విండోస్ లోగో వచ్చి, నీలం స్క్రీన్ ఒక్క క్షణం మెరిసి మళ్లీ రీస్టార్ట్ అవుతోంది. ఫోన్‌లో వీడియో తీసి ఆపి చూస్తే కోడ్ చివర 7బి అని ఉంది. టైము కూడా తప్పు చూపిస్తోంది. డిస్కు కూడా దెబ్బతిందా?

పాలిటెక్నిక్_ల్యాబ్ · 6:47

డిస్కుకి ఏమీ కాలేదు, కంగారు పడకండి. బ్యాటరీ తీసినప్పుడు బయోస్ సెట్టింగులు మొదటికి వచ్చాయి కదా, అందులో సాటా మోడ్ (బోర్డు డిస్కుతో మాట్లాడే పద్ధతి) కూడా మారింది. విండోస్ 7ని ఏ మోడ్‌లో ఇన్‌స్టాల్ చేశారో ఆ మోడ్‌లోనే అది లేస్తుంది, లేకపోతే ఈ 7బి కోడే ఇస్తుంది. ఆన్ చేయగానే డిలీట్ కీ నొక్కి బయోస్‌లోకి వెళ్లండి. సాటా మోడ్ దగ్గర ఐడీఈ ఉంటే ఏహెచ్‌సీఐ చేయండి, ఏహెచ్‌సీఐ ఉంటే ఐడీఈ చేయండి. ఎఫ్10 నొక్కి సేవ్ చేయండి. అక్కడే తేదీ, టైము కూడా సరిచేయండి. ప్లగ్గు తీసి పెట్టినప్పుడల్లా టైము పోతుంటే సీఆర్2032 కొత్తది వేయండి.

గోస్తనీ_డీటీపీ · 7:05

ఐడీఈ ఉంది మేడమ్, ఏహెచ్‌సీఐ చేశాను, డెస్క్‌టాప్ వచ్చేసింది! పేజ్‌మేకర్ తెరిచాను, శుక్రవారం ఆపిన శుభలేఖ అలాగే ఉంది. ఇవాళ రాత్రికే ప్రూఫ్ పంపిస్తాను. సెట్టంతా మార్చమన్నచోట ఒక్క ఎస్‌ఎంపీఎస్‌తో అయిపోయింది, మీ అందరి మేలు మర్చిపోను.

ఒక్క మాట. పాత ఎస్‌ఎంపీఎస్ కార్డు లేకుండా 11.52 ఇచ్చింది కదా, వెనక గదిలో బిల్లులు కొట్టే పాత సిస్టమ్‌కి కార్డు లేదు, దానికి వేయొచ్చా?

రిటైర్డ్_ఏఈ · 7:22

వద్దు బాబూ. మల్టీమీటర్ సగటు వోల్టేజి మాత్రమే చూపిస్తుంది, కెపాసిటర్లు దెబ్బతిన్న డబ్బాలో ఆ 11.52 మీద ఎంత అలజడి ఉందో దానికి కనబడదు. బిల్లుల డిస్కు ఖరీదు దానికంటే ఎక్కువ. తీసిపారేయండి. సెట్టు మార్చకుండా మిగిలిన డబ్బుతో షాపు ఎర్తింగు ఒకసారి చూపించుకోండి, ఫేజుకీ ఎర్తుకీ మధ్య, ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య రీడింగులు దాదాపు సమానంగా ఉండాలి, ఇది ఎలక్ట్రీషియన్‌తోనే కొలిపించండి. యూపీఎస్ లేకుండా మాత్రం ఈ సీజన్ నడపకండి.

గోస్తనీ_డీటీపీ · 7:30

అలాగే సార్. ఎలక్ట్రీషియన్‌ని రేపు పొద్దున్న రమ్మన్నాను, రీడింగులు ఇక్కడే పెడతాను.